ఫొటోల ఆధారంగా పేస్టల్‌లో పిల్లల రూపచిత్రం వేయడం

పిల్లల రూపచిత్రాలు చాలావరకు ఒకే తీరున దెబ్బతింటాయి. కళ్లు, ముక్కు, నోరు కొలత ప్రకారమే కుదురుతాయి, ఫొటోలో కనిపించిన ప్రతి గీతా కాగితం మీదికి వస్తుంది, అయినా చిత్రంలో నాలుగేళ్ల పాపకు బదులు పన్నెండేళ్ల అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఇంట్లోవాళ్లు చూసి పోలిక ఉందంటారు గానీ, ఏదో తేడాగా ఉందని కూడా అంటారు. ఆ తేడా సాధారణంగా వయసుది. పసితనం గీతల్లో ఉండదు. నుదురు, చెక్కిళ్లు, గడ్డం వంటి పెద్ద రూపాల నిష్పత్తిలోనూ, ఆ రూపాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే మెత్తని అంచుల్లోనూ ఉంటుంది. పెద్దవారి ముఖంలో అదనంగా ఒక గీత పడితే పెద్ద నష్టమేమీ లేదు, పిల్లల ముఖంలో మాత్రం అదే గీత కొన్నేళ్ల వయసును చేర్చేస్తుంది. అందువల్ల ఫొటో ఎంపిక మొదలుకొని కంట్లో పెట్టే చివరి వెలుగు చుక్క వరకు, ఆ వయసును నిలబెట్టడమే అసలు పని అన్న దృష్టితో ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ఈ పనికి పేస్టల్ ఎంతో అనువైన మాధ్యమం. రంగుపొడిని అతి తక్కువ జిగురుతో కలిపి కడ్డీలుగా చేస్తారు కనుక, రంగు దాదాపు శుద్ధమైన పొడిగానే కాగితపు గరుకులో నిలుస్తుంది. ఆరేదాకా ఆగనక్కర లేదు, ముదురు రంగు మీద లేత రంగును నేరుగా వేయవచ్చు, రెండు రంగుల మధ్య అంచును వేలి కొసతో కరిగించవచ్చు. వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కారియెరా 1720లో పదేళ్ల ఫ్రెంచి రాజు పదిహేనో లూయీని పేస్టల్‌లోనే చిత్రించింది. స్విస్ చిత్రకారుడు జాన్ ఎతియెన్ లియోతార్ 1755-56లో వేసిన ఏడేళ్ల మరియా ఫ్రెడెరికే చిత్రం, నీడలను ఎంత పొదుపుగా వాడి కూడా ముఖానికి గుండ్రదనం తేవచ్చో చూపిస్తుంది. అమెరికన్ చిత్రకారిణి మేరీ కాసాట్ పేస్టల్‌లో వేసిన తల్లీపిల్లల చిత్రాల్లో ముఖాలు శ్రద్ధగా, మృదువుగా తీర్చినట్టుంటాయి, బట్టలు మాత్రం వేగంగా వేసిన విడివిడి గీతలతోనే తేలిపోతాయి. పని మొదలుపెట్టే ముందు ఈ ముగ్గురి చిత్రాలను పెద్దవిగా చేసి, కంటి దగ్గర, నోటి దగ్గర ఎంత తక్కువ గీశారో గమనించడం మంచిది.

ఇక ఫొటోల సంగతి. చిన్నపిల్లలు కదలకుండా కూర్చోరు కనుక ఫొటో తప్పదు, అయితే దొరికిన ఫొటోతో సరిపెట్టుకోవడం కంటే, వీలైతే చిత్రం కోసమే కొత్తగా తీసుకోవడం ఎంతో మేలు. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు, నుదురు ముందుకు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఇది లెన్స్ నాణ్యతకు సంబంధించిన లోపం కాదు, దగ్గరితనం వల్ల వచ్చే వక్రత. కనీసం రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. కెమెరా పిల్లవాడి కళ్ల ఎత్తులోనే ఉండాలి. పెద్దలు నిలబడి పైనుంచి తీసిన ఫొటోల్లో తల పెద్దదై, గడ్డం చిన్నదై, మెడ మాయమవుతుంది. వెలుగు ఒకే కిటికీ నుంచి, కొంచెం పక్కగా, కొంచెం పైనుంచి పడితే చెంపల గుండ్రదనం తెలుస్తుంది. ఫ్లాష్ ముఖాన్ని చదును చేసేస్తుంది, ఎర్రటి నేరుటెండ కళ్లు చికిలించేలా చేస్తుంది. ఫోన్‌లోని అందాన్ని పెంచే ఫిల్టర్లను, వెనుక భాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్‌ను ఆపేయాలి. మొదటిది చర్మపు ఛాయల్లోని తేడాలను చెరిపేస్తే, రెండోది జుట్టు అంచులను కత్తిరించేస్తుంది.

ఎక్కువ ఫొటోలు తీసి, వాటిలో ఒకదాన్ని ప్రధానమైనదిగా పెట్టుకోవాలి. మిగిలినవి సహాయకాలు మాత్రమే: ఒకటి జుట్టు ఎలా పడుతుందో చెబుతుంది, ఒకటి చెవి ఆకారాన్ని, మరొకటి చర్మపు రంగును చెబుతుంది. ఒక ఫొటోలోని కళ్లను, మరో ఫొటోలోని నవ్వును తెచ్చి కలిపే ప్రయత్నాన్ని నేను గట్టిగా వద్దంటాను. నవ్వినప్పుడు చెక్కిళ్లు పైకి లేచి కింది కనురెప్పలను నెడతాయి కనుక, నవ్వే నోటికి నవ్వని కళ్లు పెడితే ముఖం అబద్ధం చెబుతున్నట్టుంటుంది. వెలుగు దిశ, తల వంపు ఒకటే అయితే తప్ప ఏ భాగాన్నీ అరువు తెచ్చుకోకూడదు. అలాగే ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఫొటోలను కలపకూడదు, ఎందుకంటే పిల్లల ముఖం అంతలోనే మారిపోతుంది. పళ్లన్నీ కనిపించే పెద్ద నవ్వు ఫొటోలో ముచ్చటగా ఉన్నా, చిత్రంలో ఎప్పటికీ అలాగే బిగుసుకుపోయి చూసేవారిని అలసిపోయేలా చేస్తుంది. ఇప్పుడే నవ్వు ఆగినట్టో, ఏదో చెప్పబోతున్నట్టో ఉన్న ముఖాన్ని ఎంచుకోవడం మంచిది. ఫొటో వేరొకరు తీసినదైతే వారి అనుమతి తీసుకోవాలి, పూర్తయిన చిత్రాన్ని నలుగురిలో ప్రదర్శించే ముందు పిల్లల తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి.

ఫొటో కొలతలు చెప్పగలదు గానీ నీడలో ఏముందో సరిగా చెప్పలేదు. కెమెరా నీడలను నిజానికంటే నల్లగా, వెలుగులను నిజానికంటే తెల్లగా చూపిస్తుంది. కంటికి గోధుమరంగులో, ఊదారంగులో కనిపించే నీడ ఫొటోలో ఒక మసిమచ్చగా మిగులుతుంది. దాన్ని అలాగే దించితే చెంప మీద గొయ్యి పడినట్టుంటుంది. కాబట్టి ఒక ప్రతిని చిత్రం కొలతలోనే ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, మరో ప్రతిని తెర మీద ఉంచి, నీడలు చూడవలసి వచ్చినప్పుడు వెలుగు పెంచి చూడాలి. నలుపుతెలుపుల్లోకి మార్చిన ప్రతి కూడా ఒకటి ఉంటే ముదురు, లేత తేడాలను సరిచూసుకోవడం తేలికవుతుంది. బిడ్డను పగటి వెలుగులో ఒకసారి నేరుగా చూసే అవకాశం ఉంటే, చెంప, నుదురు, మెడల రంగులకు దగ్గరగా వచ్చే పేస్టళ్లను చిన్న కాగితం ముక్క మీద రాసి పెట్టుకోవాలి. ఆ ముక్క ఏ ఫొటో కంటే నమ్మదగినది.

వయసు నిర్ణయమయ్యేది తల నిర్మాణంలో. పుట్టినప్పుడు కపాలానికీ ముఖభాగానికీ పరిమాణంలో సుమారు 8:1 నిష్పత్తి ఉంటుంది, ఐదేళ్ల నాటికి అది 4:1కి దగ్గరవుతుంది, పెద్దయ్యాక సుమారు 2:1కి వస్తుంది. అంటే వయసుతో పాటు ఎక్కువగా పెరిగేది ముక్కు, దవడ, గడ్డం ఉన్న కింది భాగమే. పెద్దవారి తలలో కళ్లు నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యన ఉంటే, చిన్నపిల్లల్లో ఆ మధ్యగీతకు కిందుగా ఉంటాయి. చిత్రకారులు తెలియకుండానే నుదుటిని తగ్గించి కళ్లను పైకి జరుపుతారు, బిడ్డ పెద్దదైపోవడానికి మొదటి కారణం ఇదే. కంటి విషయం మరింత ఆసక్తికరం. నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర అడ్డుకొలత పుట్టినప్పుడే సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దవారిలో అది సుమారు 12 మాత్రమే. ముఖం చిన్నది, నల్లగుడ్డు దాదాపు పెద్దవారిదంత. అందువల్ల పిల్లల కళ్లలో తెల్లగుడ్డు తక్కువగా, నల్లగుడ్డు నిండుగా కనిపిస్తుంది. కంటిని మొత్తంగా పెద్దది చేయడం వల్ల బొమ్మ కళ్లు వస్తాయి. కంటి కొలతను అలాగే ఉంచి, నల్లగుడ్డును నిండుగా వేయడం వల్ల పసి కళ్లు వస్తాయి. ముక్కు దూలం పల్లంగా ఉంటుంది కనుక దానికి రెండు వైపులా గీతలు ఉండవు. కనుబొమలు పలచగా, మెడ సన్నగా, గడ్డం చిన్నగా వెనక్కి ఉంటాయి.

కాగితం విషయంలో మొహమాటం పనికిరాదు. నున్నటి డ్రాయింగ్ కాగితం రెండు మూడు పొరల తరువాత రంగును పట్టుకోదు, ముఖానికేమో చాలా పొరలు కావాలి. కాన్సన్ మి-తాంత్ కాగితానికి ఒక వైపు తేనెపట్టు లాంటి అచ్చు ఉంటుంది, ఆ అచ్చు లేత చెంప మీద చుక్కలు చుక్కలుగా తేలుతుంది కనుక రెండో వైపునే వాడాలి. పేస్టల్‌మ్యాట్, లేదా యూఆర్ట్ రకం సన్న గరుకు కాగితం అయితే మరీ మంచిది. రంగు విషయానికి వస్తే తెల్ల కాగితం వద్దు, దాని మీద ప్రతి ఛాయా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. నడిమి ఛాయలో ఉన్న ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు దాదాపు ప్రతి చర్మఛాయకూ సరిపోతుంది, ఎందుకంటే చర్మంలోని ఎరుపును ఆ పచ్చదనం అదుపులో ఉంచుతుంది. నల్లని ఛాయ ఉన్న బిడ్డకు మరికాస్త ముదురు కాగితాన్ని ఎంచుకోవచ్చు. తల ఎత్తు 15 నుంచి 17 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోవాలి. అంతకు బాగా తగ్గితే మెత్తని పేస్టల్ మొన కంటి వివరాల్లో ఇమడదు, నిజమైన తల కొలతను మించితే పసిముఖం భారీగా కనిపిస్తుంది. పేస్టళ్లలో మూడు రకాలూ కావాలి: మొదటి పొరలకు గట్టి కడ్డీలు, పై పొరలకు మెత్తనివి, కళ్లు, పెదవుల కోసం పేస్టల్ పెన్సిళ్లు. కొనేటప్పుడు రకరకాల రంగుల కంటే, ఒకే రంగులో ముదురు నుంచి లేత వరకు ఉన్న మెట్లు ముఖ్యం.

రేఖాచిత్రాన్ని గడుల పద్ధతిలో దించినా, ట్రేసింగ్ చేసినా తప్పు లేదు, కొలతల దగ్గర గర్వానికి తావు లేదు. కానీ మామూలు సీసం పెన్సిల్ వాడకూడదు. అది వదిలే జిడ్డు మెరుపు మీద పేస్టల్ పట్టదు, గట్టిగా నొక్కితే పడే గాడి చివరి వరకు కనిపిస్తూనే ఉంటుంది. ట్రేసింగ్ కాగితం వెనుక కాగితపు రంగుకు దగ్గరగా ఉన్న పేస్టల్ రాసి, తేలికగా దించి, తరువాత గోధుమరంగు పేస్టల్ పెన్సిల్‌తో చేత్తోనే మళ్లీ గీసి సరిచేసుకోవాలి. ట్రేసింగ్ గీతలు అన్నీ ఒకే మందంలో ఉంటాయి, వాటిని అలాగే నమ్ముకుంటే చిత్రం కత్తిరించి అతికించినట్టు తయారవుతుంది. కళ్ల మధ్య దూరం, కంటి చివర నుంచి చెవికి ఉన్న దూరం, ముక్కు కింది నుంచి పెదవులకు ఉన్న దూరం ఈ దశలోనే తిరిగి కొలవాలి. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల పొరపాటును ఎంత చక్కటి రంగూ దాచలేదు.

రంగు మొదలుపెట్టేటప్పుడు కళ్లతో మొదలుపెట్టాలన్న తొందరను ఆపుకోవాలి. కళ్లను సగం మూసి ఫొటోను చూస్తే వివరాలు పోయి, వెలుగు ఉన్న వైపు ఒకటి, నీడ ఉన్న వైపు ఒకటి, జుట్టు ముద్ద ఒకటి, ఇలా నాలుగైదు పెద్ద ఆకారాలు మిగులుతాయి. గట్టి పేస్టల్‌ను అడ్డంగా పట్టుకుని ఆ ఆకారాలనే పలచగా నింపాలి. వెనుక భాగపు రంగును కూడా ఇప్పుడే వేయాలి, చర్మపు ఛాయ ఎంత ముదురో, ఎంత లేతో తేలేది దాని పక్కనే. ముదురు నుంచి లేతకు, గట్టి పేస్టల్ నుంచి మెత్తని పేస్టల్‌కు వెళ్లడం ఈ మాధ్యమపు నడక. అతి లేత వెలుగులను చివరి వరకు దాచుకోవాలి. ఈ దశలో చిత్రం నుంచి రెండు మూడు మీటర్లు వెనక్కి నడిచి చూస్తే, కళ్లూ నోరూ లేకపోయినా అది ఫలానా బిడ్డ తల అని తెలియాలి. తెలియకపోతే ముందుకు వెళ్లకూడదు.

చర్మానికి ఒకే రంగు ఉండదు. ముఖాన్ని అడ్డంగా మూడు పట్టీలుగా ఊహించుకుంటే, నుదురు కొంచెం పసుపు వైపు, చెక్కిళ్లు, ముక్కు, చెవులు ఉన్న నడిమి పట్టీ ఎరుపు వైపు, నోటి చుట్టూ ఉన్న కింది పట్టీ చల్లని బూడిద, ఆకుపచ్చల వైపు మొగ్గుతాయి. పిల్లల్లో మగ్గిన పండు మీది రంగులా చెక్కిలి ఎరుపు అంచు తెలియకుండా చుట్టూ పాకిపోతుంది, గుండ్రని మచ్చగా వేస్తే మేకప్ వేసినట్టుంటుంది. తెల్లని ఛాయకు లేత ఓకర్ (మట్టి పసుపు), గులాబీ, వాటి మధ్య నీలిబూడిద పనికివస్తాయి. చామనఛాయకు ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా (ఎరుపుగోధుమ), వాటి కింద ఆలివ్ ఆకుపచ్చ, ఊదా. నల్లని ఛాయకు ముదురు ఎరుపుగోధుమ, వంగపండు రంగు, వెలుగు తగిలిన చోట లేత నీలపు మెరుపు. ఏ ఛాయలోనూ నీడ కోసం నలుపు కలపకూడదు, వెలుగు కోసం తెలుపు రుద్దకూడదు. ఈ రెండూ చర్మాన్ని బూడిద పూసినట్టు చేస్తాయి. కిటికీ నుంచి వచ్చే పగటి వెలుగు చల్లగా, అంటే నీలం వైపు ఉంటే, నీడ వెచ్చగా, అంటే ఎరుపు, పసుపుల వైపు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే సగం సందేహాలు తీరతాయి. వెనుక నుంచి వెలుగు తగిలిన చెవి లోపలి నుంచి వెలిగినట్టు ఎర్రగా మెరుస్తుంది. ఆ ఎరుపును జంకకుండా వేయాలి.

కంటిని గీతతో చుట్టకూడదు. పై రెప్ప అంచు ముదురుగా ఉంటుంది, కింది రెప్పకు అసలు గీత అక్కర లేదు, చిన్న ఛాయామార్పు చాలు. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు, అది పై రెప్ప నీడలో ఉన్న నీలిబూడిద గోళం. నల్లగుడ్డు పై భాగం ముదురుగా, వెలుగు చుక్కకు ఎదురు మూలన కింది భాగం కొంచెం తేటగా ఉంటుంది, ఆ తేటదనమే కంటికి లోతు తెస్తుంది. నల్లగుడ్డు అంచు తెల్లగుడ్డులోకి కొద్దిగా కరగాలి. రెప్ప వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీస్తే చిన్న పాప కాటుకతో పాటు వయసును కూడా పెట్టుకుంటుంది, వాటిని ఒక ముదురు నీడగా సూచించి, చివరన ఒకటి రెండు మాత్రమే విడదీయాలి. ముక్కుకు కొన కింద నీడ, పుటాల్లో వెచ్చని ఎరుపుగోధుమ చాలు, పుటాల లోపల నలుపు పెడితే రంధ్రాలు పొడిచినట్టుంటుంది. పెదవులకు అంచుగీత వద్దు. పై పెదవి నీడలో ఉంటుంది, కింది పెదవికి వెలుగు తగులుతుంది, పెదవులు కలిసే గీత కూడా అంతటా ఒకే ముదురులో ఉండదు. నవ్వు పెదవి మూలల్లోని చిన్న మెత్తని నీడల్లో ఉంటుంది, అవి కొంచెం ముదిరినా ఎకసెక్కెపు నవ్వవుతుంది. పళ్లు కనిపిస్తే వాటిని ఒకే లేత పట్టీగా వేసి, మూలలకు వెళ్లే కొద్దీ నీడలోకి దించాలి. పంటికీ పంటికీ మధ్య గీతలు గీయకూడదు. ఆరేడేళ్ల బిడ్డకు ముందు పళ్లు ఊడి ఉంటే ఆ ఖాళీని మాత్రం దాచవద్దు, ఆ వయసును అంత నిజంగా చెప్పే గుర్తు మరొకటి లేదు.

జుట్టును ముద్దగా వేసి, వెలుగు తగిలిన చోట దాని వంపును చూపి, చివరన ఐదారు పోగులను మాత్రమే విడదీయాలి. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట చర్మపు రంగు జుట్టులోకీ, జుట్టు రంగు చర్మంలోకీ పాకాలి. అక్కడ పదునైన అంచు పడితే టోపీ పెట్టినట్టుంటుంది. ముంగురులు నుదుటి మీద వేసే చిన్న నీడను మరచిపోకూడదు. బట్టలను కాసాట్ తరహాలో విడిచిపెట్టడం నాకు ఇష్టం. చొక్కా మీది అచ్చు మొత్తాన్ని దించితే చూపు ముఖం నుంచి జారిపోతుంది.

వేలితో రుద్దడం మొదటి పొరల్లో ఉపయోగపడుతుంది, పై పొరల్లో హాని చేస్తుంది. ఎక్కువగా రుద్దితే పొడిరేణువుల మీద వెలుగు పడి వచ్చే సహజమైన మెరుపు పోయి, చర్మం మైనపు బొమ్మలా నిర్జీవమవుతుంది. చివరి పొరను రుద్దకుండా, పక్కపక్కన తేలికగా తాకించి వదిలేయాలి. గరుకు నిండిపోయి రంగు జారిపోతున్నప్పుడు, గట్టి కుచ్చు ఉన్న పాత బ్రష్‌తో ఆ భాగాన్ని దులిపి, పిండిలా పిసకగల పుట్టీ రబ్బరును అద్ది ఎత్తి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే లేత రంగులను ముదురు చేస్తుంది, కనుక కావాలంటే మధ్య పొరల మీద పలచగా కొట్టి, వెలుగులను ఆ తరువాత వేయాలి, పూర్తయిన ముఖం మీద కొట్టకూడదు. పొడిని నోటితో ఊదవద్దు. చిత్రాన్ని నిలబెట్టే ఈజిల్‌ను నిటారుగా లేదా కొద్దిగా ముందుకు వంచి పెడితే పొడి కిందికి రాలుతుంది, దాన్ని తడిగుడ్డతో తీయాలి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ వంటి లోహాలు ఉంటాయి కనుక మాస్కు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, పని జరిగే చోటికి చిన్నపిల్లలను రానివ్వకపోవడం అవసరం.

పూర్తయిందనిపించినప్పుడు చిత్రాన్ని అద్దంలో చూడాలి, ఫొటోనూ చిత్రాన్నీ రెండింటినీ తలకిందులుగా పెట్టి పోల్చాలి, ఫోన్‌తో తీసి నలుపుతెలుపుల్లోకి మార్చి చూడాలి. కంటి ఎత్తులో తేడా, వంకరపోయిన గడ్డం అప్పుడు దాగవు. ఆ తరువాత చేయవలసింది కొత్త వివరాలు చేర్చడం కాదు. ఏ గీతను తీసేస్తే బిడ్డ ఇంకా చిన్నదవుతుందో వెతికి, దాన్ని కరిగించడం. ముక్కు పక్కన నుంచి నోటి మూలకు దిగే మడత, కంటి కింది గీత, గడ్డం మీది నీడ సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి.

చిత్రాన్ని వెంటనే ఫ్రేము కట్టించలేకపోతే గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితం కప్పి, బల్లపరుపుగా ఉంచాలి. ఫ్రేములో అద్దం చిత్రానికి తగలకూడదు, మౌంటు బోర్డుతోనో, పక్కన దాగే సన్నని పట్టీలతోనో కనీసం 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. అద్దం స్థానంలో మామూలు అక్రిలిక్ షీటు వేయకూడదు, దానిలో పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేసుకుంటుంది. కొన్ని గులాబీ, ఊదా రంగులు వెలుగుకు వెలిసిపోతాయి కనుక కొనేటప్పుడే రంగు నిలకడ గుర్తులు చూసుకోవాలి, నేరుటెండ పడే గోడకూ, చెమ్మ గోడకూ చిత్రాన్ని తగిలించకూడదు. ఫ్రేము వెనుక అట్టను టేపుతో మూసే ముందు, బిడ్డ పేరు, ఆనాటి వయసు, తేదీ, వాడిన కాగితం, పేస్టళ్ల వివరాలు అట్ట లోపలి వైపు రాసి పెట్టాలి. ఎప్పుడైనా అద్దం పగిలి, మరమ్మతు అవసరమైతే, ఆ పని చేసేవారికి ముందుగా కావలసింది ఆ వివరాలే.